అమ్ముడుపోయినది ఓటరేనా?

ప్రతి ఎన్నికల ఫలితాల మరునాడు చదువుకున్నవారి నోట ఒకే తీర్పు వినిపిస్తుంది: "జనం అమ్ముడుపోయారు." గెలిచిన పక్షం ఏదైనా సరే, ఓడిన పక్షపు అభిమాని ఈ మాట అంటాడు. అయిదేళ్ళ తరువాత ఫలితం తారుమారైతే మాట మారదు, అనేవాడు మాత్రం మారుతాడు. నేనూ ఈ మాట అన్నవాడినే. ఒకటి రెండు చోట్ల వ్రాసినవాడిని కూడా. ఆ తప్పును దిద్దుకోవడానికే ఈ టపా. చదివిన మిత్రులలో కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి, వాదించుకుందాం.

మాది చిన్న మంగళారం. రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలం. శాసనసభకైనా లోక్‌సభకైనా మా నియోజకవర్గం పేరు చేవెళ్ళే. ఉద్యోగం నగరంలో అయినా ఓటు ఊళ్ళోనే ఉంచుకున్నాను. 2023 నవంబరు 30న శాసనసభకు పోలింగు. ముందురోజు సాయంత్రమే ఊరు చేరి పెద్దమ్మ ఇంట్లో దిగాను. రాత్రి పదకొండు దాటిన తరువాత తలుపు చప్పుడయింది. ఎవరో వచ్చారు, నెమ్మదిగా రెండు మాటలు మాట్లాడారు, వెళ్ళిపోయారు. ఇంకో గంటకు మరొకరు. పెద్దమ్మ రెండు కవర్లనూ దేవుని గూటిలో పెట్టి వచ్చి పడుకున్నది. ఆ కవర్లు ఏ పక్షాలవో వ్రాయను. వ్రాస్తే మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు.

నాకు నిద్ర పట్టలేదు. "గిదేంది పెద్దమ్మా, ఇద్దరి తాన తీసుకున్నవా?" అని అడిగాను.

"ఇంటికొచ్చి ఇస్తుంటే తీస్కోకపోతే ఏమైతది బిడ్డా? వద్దంటే గీమె అవుతలోనికి ఏస్తదని రాసుకుంటరు. రేపు ఏదన్న కాయిదం కోసం పోతే మొకం తిప్పుకుంటరు."

"మరి ఓటు ఎవరికి ఏస్తవు?"

"అది నీకెందుకు జెప్త? ఆడ అట్ట ఎన్క నిలవడ్డంక నేనొక్కదాన్నే." కాసేపు ఊరుకుని మళ్ళీ అన్నది: "అయిదేండ్లల్ల గీ ఒక్క రాత్రే మా ఇల్లు దొరుకుతది ఆళ్లకు. తెల్లారితే మల్ల మేమే ఆళ్ల గడపలు తొక్కాలె."

చట్టం దృష్టిలో మా పెద్దమ్మ దోషి. ఆ సంగతి దాచను. ఓటుకు లంచం ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ నేరస్థులేనని అప్పుడు అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 171-బి చెప్పింది. 2024 జులై 1 నుండి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 170వ విభాగమూ అదే చెబుతున్నది. కాని ఆమె మాటలను మరొకసారి చదవండి. ఆమె అమ్మినది ఏమిటి? తీసుకోవడం వెనుక ఆశ కంటె భయమే ఎక్కువగా ఉన్నది. నిరాకరిస్తే ఎదుటివాని పట్టికలో పేరెక్కుతుంది. రహస్య ఓటు అనేది పోలింగు కేంద్రంలోని అట్ట వెనుక మాత్రమే రహస్యం. గడప దగ్గర అది రహస్యం కాదు. ఆ గడప దగ్గర ఆమె తన ఓటును దాచుకునే మార్గం ఒక్కటే: అందరి దగ్గరా తీసుకోవడం.

"డబ్బు ఓటరును కొంటున్నది" అనే సిద్ధాంతం నిజమైతే, ఎక్కువ పంచినవాడు ఎప్పుడూ గెలవాలి. అలా జరుగుతున్నదా? 2021 అక్టోబరు 30న హుజూరాబాదు ఉపఎన్నిక జరిగింది. దానికి ముందు ఆగస్టులో దళితబంధు పథకాన్ని ప్రయోగాత్మకంగా ఆ నియోజకవర్గంలోనే ఆరంభించారు. కుటుంబానికి 10 లక్షల రూపాయలు. అంతకు మించి ఏ ప్రభుత్వమైనా ఒక ఉపఎన్నిక ముందు ఏమి ఇవ్వగలదు? అయినా అధికారపక్షం ఓడింది. ఈటల రాజేందరు 23,855 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రెండేళ్ళ తరువాత రాష్ట్రమంతటా అదే జరిగింది. పింఛన్లు, రైతుబంధు, కల్యాణలక్ష్మి ఇచ్చిన పక్షానికి 119 స్థానాలలో 39 మాత్రమే దక్కాయి. పుచ్చుకున్నవారు పుచ్చుకున్నారు, వేయవలసినవారికి వేశారు.

హుజూరాబాదులోనూ, 2022 నవంబరులో జరిగిన మునుగోడు ఉపఎన్నికలోనూ కొన్ని ఊళ్ళ జనం "మాకు డబ్బు అందలేదు" అని బాహాటంగా నిలదీశారని పత్రికలు వ్రాశాయి. అప్పుడు మనం ఎంత నవ్వుకున్నాం! సిగ్గులేని జనం అన్నాం. పల్లెలో పంక్తి భోజనం ఎరిగినవారికి ఆ కోపం అర్థమవుతుంది. వంటకం ఎలా ఉన్నదన్నది తరువాతి సంగతి. పక్క విస్తరిలో వడ్డించి మన విస్తరిని దాటిపోతే కలిగే అవమానం వేరు. "వానిని లెక్కలోకి తీసుకున్నారు, నన్ను తీసుకోలేదు" అన్నదే ఆ కోపం. ఆ కోపానికి కవరు ఒక సాకు మాత్రమే. అయిదేళ్ళు ఎవరూ లెక్కలోకి తీసుకోని మనిషి, లెక్కించే ఆ ఒక్క రాత్రి కూడా తనను వదిలివేస్తే కేక వేయడా?

అయితే డబ్బుకు శక్తి లేదా? ఉన్నది, కాని మనం అనుకుంటున్న చోట లేదు. శాసనసభ అభ్యర్థి చేయదగిన ఖర్చుకు చట్టం విధించిన పరిమితి 40 లక్షలు. లోక్‌సభకు 95 లక్షలు. 2022 జనవరిలో పెంచిన మొత్తాలివి. ఒక నియోజకవర్గంలో లక్షల మంది ఓటర్లుంటారు. ఇంటింటికీ తిరిగే కవర్లు ఈ పరిమితిలో ఇమడవని గుణకారం వచ్చిన ఏ పిల్లవానికైనా తెలుసు. ఆ భారం మోయగలిగినవానికే టిక్కెట్టు. మోయలేనివాడు ఎంత మంచివాడైనా దరఖాస్తు దగ్గరే ఆగిపోతాడు. అంటే నోటు మొట్టమొదట వడపోసేది ఓటరును కాదు, అభ్యర్థిని. మా పెద్దమ్మ ముందుకు పేర్లు వచ్చేనాటికే అసలు ఎన్నిక అయిపోయి ఉంటుంది. 2024లో మా చేవెళ్ళ నుండి లోక్‌సభకు గెలిచిన కొండా విశ్వేశ్వరరెడ్డి తన అఫిడవిట్టులో చూపిన కుటుంబ ఆస్తి 4,500 కోట్ల రూపాయలకు పైబడినది. ఆస్తి ఉండడం నేరం కాదు, దానిని ప్రకటించడం మంచిదే. నా ప్రశ్న ఆయన గురించి కాదు. ఈ నియోజకవర్గంలో చామంతి తోట కౌలుకు చేసుకునే మనిషి ఎన్నడైనా పోటీలో నిలవగలడా అన్నదే నా ప్రశ్న.

ఇక అసలు సంగతికి వస్తాను. నా దృష్టిలో ప్రచారవ్యూహాలలో అన్నిటికన్న బలమైనది నోటు కాదు, వాయిదా. తీరిపోయిన సమస్య ఓటు తేదు. తీరని సమస్య ప్రతి అయిదేళ్ళకూ పంట ఇస్తుంది. కనుక దానిని తీర్చకుండా, చావనివ్వకుండా కాపాడుకోవడమే వ్యూహం. ఇందుకు మా ప్రాంతం కన్న మంచి ఉదాహరణ మరొకటి దొరకదు.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచింది. ఆ తరువాత వరదను ఆపడానికీ, నగరానికి త్రాగునీరు ఇవ్వడానికీ 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు నిర్మించారు. వాటి పరివాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996 మార్చి 8న 111వ సంఖ్య జీవో వచ్చింది. 84 గ్రామాలు, సుమారు లక్షా 32 వేల ఎకరాలు దాని క్రిందికి వచ్చాయి. పరిశ్రమలు, పెద్ద భవనాలు కూడదు. భూమిలో 90 శాతం సాగుకూ పచ్చదనానికీ ఉంచాలి. మొయినాబాదు మండలంలో అధికభాగం ఈ కట్టడిలోనిదే. ఉద్దేశం మంచిదని నేను ఇప్పటికీ నమ్ముతాను. కాని దాని భారం మోసినది ఎవరు? నగరం నీరు త్రాగింది, పల్లెవాని ఎకరం ధర పడిపోయింది. అతనికి పరిహారం గురించి ఎవరూ ఆలోచించలేదు. మరోవైపు నిబంధనలను దాటి ఫామ్‌హౌసులు, రిసార్టులు, పెళ్ళిమండపాలు లేస్తూనే ఉన్నాయి. కట్టడి ఎద్దు కట్టినవానికే, కారు కట్టినవానికి కాదు.

ఇటువంటి సమస్యకు పరిష్కారం కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. జలాశయాలకు నీరు తెచ్చే వాగులూ వంకలూ గుర్తించి, అక్కడ కట్టడి గట్టిగా ఉంచి, మిగతా చోట్ల సడలించి, కట్టడిలో ఉన్న రైతుకు పరిహారం ఇవ్వవచ్చు. అలా చేస్తే వచ్చే ఎన్నికలకు చెప్పడానికి ఏముంటుంది? 2018 ఎన్నికల ప్రచారంలో ఆ జీవోను ఎత్తివేస్తామని వాగ్దానం చేశారు. ఎన్నికలయ్యాయి. 2022 ఏప్రిల్ 12న 69వ సంఖ్య జీవో వచ్చింది. కట్టడి తొలగినట్లు చెబుతూనే, జలాశయాల నాణ్యత దెబ్బతినరాదని షరతు పెట్టి, విధివిధానాలను ఒక కమిటీకి అప్పగించింది. 2023 మే 18న మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. ఆరు నెలలలో మళ్ళీ ఎన్నికలు. ఒకే సమస్యను ఇన్నిసార్లు పరిష్కరించిన ప్రభుత్వం ప్రపంచంలో మరొకటి ఉండదేమో! ప్రతి ప్రకటనకూ బాణసంచా కాల్చారు, పాలాభిషేకాలు చేశారు. ప్రతి ప్రకటనకూ భూముల ధర ఒక ఊపు ఊగింది, ఆ ఊపులో దళారి ఎక్కాడు. ఆ చెరువుల నీరు త్రాగే నగరవాసిని గాని, ఆ భూమి దున్నే పల్లెవానిని గాని కూర్చోబెట్టి ఎవరూ మాట్లాడలేదు.

రెండవ ఉదాహరణ మా బీజాపూరు రోడ్డు. మొయినాబాదు మీదుగా చేవెళ్ళ పోయే ఆ దారికి ఇరువైపులా ఉన్న మర్రిచెట్లను చూడనివారు మా దిక్కు అసలు రానట్టే. అప్పా కూడలి నుండి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేస్తామన్న మాట ఎన్ని సభలలో విన్నానో లెక్క లేదు. చెట్లను కొట్టరాదన్న వ్యాజ్యం జాతీయ హరిత ట్రైబ్యునలులో నడిచింది. చెట్లు ప్రాణం వంటివని నేనూ అంటాను. కాని చెట్టునూ మనిషినీ ఒకే దారిలో బ్రతికించే నమూనాను గీయడానికి ఇన్నేళ్ళు పట్టవలసిన పని లేదు. 2025 నవంబరు 3 ఉదయం మీర్జాగూడ దగ్గర కంకర లోడుతో వస్తున్న టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. 19 మంది చనిపోయారు. కంకర క్రింద మనుషులు నలిగిపోయారు. ఆ సాయంత్రానికే మళ్ళీ అందరూ వచ్చారు, మళ్ళీ అదే రోడ్డు గురించి అదే మాట చెప్పారు. మేము ఎక్కే బస్సు అది. మేము పోయే దారి అది. వాయిదాకు వడ్డీ ఎలా చెల్లించవలసి వస్తుందో ఆ రోజు చూశాము.

2023 ఎన్నికలకు కొన్ని నెలల ముందు ఒక యువకుడు చేతిలో పలక వంటి యంత్రంతో మా ఇంటికి వచ్చాడు. ఏదో సర్వే సంస్థ పంపిన పిల్లవాడు, మర్యాదస్థుడే. ఏ కులం, ఎన్ని ఓట్లు, ఏ పథకం అందుతున్నది, సెల్లు నంబరు ఎంత, పోయినసారి ఎవరికి వేశారు, ఈసారి ఎవరికి వేస్తారు అని వరుసగా అడిగాడు. "మీకు ఏమి కావాలి" అన్న ప్రశ్న అతని పట్టికలో లేదు. నేను రోడ్డు గురించి చెప్పబోతే, "దానికి ఆప్షన్ లేదన్నా" అని నొచ్చుకున్నాడు. ఆ మాటను నేను మరచిపోలేను. ఈనాడు ప్రచారాన్ని వృత్తిగా నడిపేవారున్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రశాంత్ కిశోర్ స్థాపించిన ఐప్యాక్ పనిచేసింది. 2023లో తెలంగాణ కాంగ్రెసుకు సునీల్ కనుగోలు వ్యూహకర్త. వారు తమ పనిలో సమర్థులు. వారిని అడిగినది గెలిపించమని, వారు చేసేది గెలిపించడం. కాని ఓటరు మనసును ఎంత సూక్ష్మంగా కొలిచినా, కొలిచేవాడు మన మాట వింటున్నట్లు కాదు. దర్జీ మన నడుము కొలుస్తాడు, మన ఆకలి అడగడు.

పాతకాలమంతా బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1982లో రామారావు చైతన్యరథమెక్కి ఊరూరా తిరగడమూ వ్యూహమే. 2003 ఏప్రిల్ 9న రాజశేఖరరెడ్డి మండుటెండలో పాదయాత్రను మా చేవెళ్ళ నుండి మొదలుపెట్టడమూ వ్యూహమే. అయినా ఎండలో నడిచేవాడు దారిలో ఎదురైనవాని మాట విననైనా వినవలసి వస్తుంది. రెండు రూపాయల కిలో బియ్యాన్ని ఆనాడు ఎందరు పెద్దలు వెక్కిరించారో గుర్తు తెచ్చుకోండి. ఆ వెక్కిరింపులో నేను పాలు పంచుకోను. పేదవానికి ప్రభుత్వం అన్నం పెట్టడం లంచం కాదు. అందరికీ ఒకే నియమం, ఏడాది పొడుగునా, అడగకుండా అందితే అది హక్కు. పోలింగు తేదీని చూసుకుని, నాయకుని ముఖం ముద్రించి, "మా వల్లనే" అని చెప్పి ఇస్తే అదే అన్నం కవరుగా మారుతుంది. నేను తప్పు పట్టేది ఆ మార్పునే.

రైతుబంధును చూడండి. 2018 మేలో మొదలయింది, డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. 2023లో పోలింగు ముందు ఆ సొమ్ము జమ చేయడానికి ఎన్నికల సంఘం మొదట అనుమతించి, ఒక మంత్రి దానిని ప్రచారసభలో చెప్పుకున్నందుకు నవంబరు 27న అనుమతిని ఉపసంహరించుకున్నది. పోలింగుకు ఇంకా మూడు రోజులే. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ సొమ్ము పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవానికి. మా మండలంలో భూములు చాలావరకు నగరంవారి చేతులలోకి పోయాయి. పాసుపుస్తకం బంజారాహిల్సులో ఉంటుంది, గుంటుక చిన్న మంగళారంలో నడుస్తుంది. మా పెద్దమ్మ వంటి కౌలుదారులకు అందులో పైసా లేదు. దీనిని సరిచేస్తామని 2023 సెప్టెంబరు 17న తుక్కుగూడ సభలో కాంగ్రెసు చెప్పింది. రైతుకూ కౌలురైతుకూ ఎకరాకు ఏడాదికి 15 వేలు ఇస్తామన్నది. 2025 జనవరి 26న రైతుభరోసా మొదలయినప్పుడు అది 12 వేలయింది, పట్టాదారుకు మాత్రమే అయింది. కౌలుదారు మళ్ళీ వాయిదాలోకి పోయాడు. జెండా రంగు మారింది, వాయిదా పద్ధతి మారలేదు.

వేలంపాట కూడా ఆగలేదు. దళితబంధు 10 లక్షలన్నారు ఒకరు. 2023 ఆగస్టు 26న మా చేవెళ్ళ సభలోనే, ఖర్గే సమక్షంలో, 12 లక్షలు అన్నారు ఇంకొకరు. మూడవవాడు వచ్చి ఎంతంటాడో! పాట పెరిగేకొద్దీ, పాడినవాడు సొమ్ము కట్టాడా అని అడిగేవారు తగ్గిపోతారు. ఈ పద్ధతిని చట్టమూ ఆపలేదు. వాగ్దానపత్రంలోని హామీలు అవినీతి చర్యల క్రిందికి రావని 2013 జులైలో సుబ్రమణియం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వాగ్దానం చేయడం తప్పు కాదు, మంచిదే. తప్పడానికి శిక్ష లేకపోవడమే మన కష్టం.

ఇప్పుడు 268 అనే అంకె గురించి చెప్పాలి. 2023లో చేవెళ్ళ శాసనసభ స్థానంలో భారత రాష్ట్ర సమితి అభ్యర్థి కాలె యాదయ్య కాంగ్రెసు అభ్యర్థి మీద గెలిచిన ఆధిక్యం అది. 268 ఓట్లు! అంటే నియోజకవర్గమంతటిలో 135 మంది మనసు మార్చుకుంటే ఫలితం తిరగబడేది. ఒక చిన్న వాడలోని ఇళ్ళు చాలు. నా ఓటుకు, మా పెద్దమ్మ ఓటుకు ఇంత విలువ ఉన్నదని నాకు ఆనాడు ఒళ్ళు పులకరించింది. 2024 జూన్ 28న యాదయ్య ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెసు కండువా కప్పుకున్నారు. అంతకు పదేళ్ళ ముందు, 2014లో, కాంగ్రెసు గుర్తు మీద గెలిచి తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరినదీ ఆయనే. ఇక లెక్క వేయండి. కారుకు వేసినవానికి దక్కినది యాదయ్య, కాంగ్రెసు కండువాతో. చేతికి వేసినవారు నెగ్గి ఉంటే దక్కేదీ కాంగ్రెసు కండువాయే. ఆ 268 ఓట్లు ఎటు పడితే ఏమిటి?

లోక్‌సభ స్థానం కథ ఇంకా వింతైనది. కొండా విశ్వేశ్వరరెడ్డి 2014లో కారు గుర్తు మీద గెలిచారు, 2019లో చేతి గుర్తు మీద ఓడారు, 2024లో కమలం గుర్తు మీద గెలిచారు. 2019లో కారు గుర్తు మీద ఆయనను ఓడించిన రంజిత్‌రెడ్డి 2024లో చేతి గుర్తుతో వచ్చి ఆయన చేతిలో ఓడారు. ముఖాలు అవే, కండువాలు మాత్రం తారుమారు. ఈ మూడు ఎన్నికలలోనూ మా ఊరికి వచ్చిన ప్రచారరథాలు ఎదుటి జెండాను ఎంతెంత మాటలన్నాయో వినవలసినది. నిన్న తిట్టిన జెండానే నేడు మోస్తున్నవానికి జనం ముందు తలవంచుకునే పని లేదు. తలవంపులన్నీ 2,000 రూపాయల కవరు పుచ్చుకున్న ముసలమ్మకే!

మరొక సంగతి కూడా మా మండలానిదే. 2022 అక్టోబరు 26న మొయినాబాదు ఫామ్‌హౌసులో నలుగురు శాసనసభ్యుల కొనుగోలుకు ప్రయత్నం జరిగిందన్న ఆరోపణ మీద పోలీసులు దాడి చేశారు. ఒక్కొక్కరికి కోట్లలో ఆశ చూపారన్నది ఫిర్యాదు. అది ఆరోపణే, నిజానిజాలు నేను తేల్చలేను. ఆ నలుగురిలో ఒకరు, ఫిర్యాదు చేసినవారు, 2018లో ఒక పక్షం గుర్తు మీద గెలిచి మరుసటి ఏడాది మరొక పక్షంలో చేరినవారే. ఆ వార్త వచ్చిన వారానికే మునుగోడు పోలింగు. ఆ వారమంతా మన చర్చలలో "ఓటరు అమ్ముడుపోతున్నాడు" అన్న మాటే ఎక్కువగా వినబడింది. ఓటరు చేతికి వచ్చే కవరును కెమెరాలు వెంటాడాయి. ఓటరు ఎన్నుకున్నవాని విలువ ఎంతని పాడుతున్నారో ఒక ఆసక్తికర వార్తగా చదివి పక్కన పెట్టాము.

ఇందులో ఒక చిత్రం గమనించండి. మనం అతి హీనంగా చెప్పుకునే హుజూరాబాదు, మునుగోడు ఉపఎన్నికలు ఎందుకు వచ్చాయి? ఒకచోట ఈటల, మరొకచోట కోమటిరెడ్డి రాజగోపాలరెడ్డి పాత పక్షాన్ని విడిచి, పదవికి రాజీనామా చేసి, కొత్త గుర్తుతో మళ్ళీ జనం ముందుకు వచ్చారు. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. డబ్బు ప్రవహించిన మాట నిజమే కావచ్చు. అయినా జెండా మార్చినవాడు జనాన్ని అడగడమంటూ జరిగింది అక్కడే. అడగకుండా మారిన చోట మనకు కవర్లు కనబడవు, కనుక అంతా శుభ్రంగా ఉన్నట్లు తోస్తుంది! ఫిరాయింపుల చట్టం 1985 నుండి ఉన్నది. కాని తీర్పు సభాపతి చేతిలో, ఎప్పుడు చెప్పాలన్న గడువు లేదు. తెలంగాణలోని పదిమంది సభ్యుల విషయంలో మూడు నెలలలో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఇక్కడా వాయిదాయే.

నేను కోరేది పెద్దదేమీ కాదు. జెండా మార్చినవాడు ముందు రాజీనామా చేసి తీరాలని చట్టంలో స్పష్టంగా వ్రాయాలి. ఎన్నికకు ఆరు నెలల ముందు కొత్తగా మొదలయ్యే నగదు పథకం ఎన్నిక తరువాతనే అమలు కావాలి. ఈ రెండూ ఢిల్లీలో జరగవలసిన పనులు, మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నది ఒకటున్నది. మా పెద్దమ్మకు జ్ఞాపకం ఉన్నది కాని కాగితం లేదు. మనకు అక్షరం ఉన్నది. తెలుగును తెర మీద వ్రాయడం నేర్చుకున్ననాడు మనం ఎంత సంబరపడ్డాము! ఆ అక్షరాన్ని జనాన్ని తిట్టడానికి కాకుండా, మన ఊరి సభలో ఎవరు ఏ తేదీన ఏమి చెప్పారో వ్రాసి ఉంచడానికి వాడుదాం. అయిదేళ్ళ తరువాత దానిని ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపిద్దాం. మా ఊరికి సంబంధించినంత వరకు నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. మొదటి పుటలో మూడు పద్దులున్నాయి: 111 జీవో, బీజాపూరు రోడ్డు, కౌలుదారు. మూడింటికీ ఎదురుగా తేదీలు చాలానే ఉన్నాయి. చివరి గడి ఖాళీ.

ఆ మరునాడు ఉదయం పెద్దమ్మతో కలిసి పోలింగు కేంద్రానికి నడిచాను. వరుసలో గంటన్నర నిలబడింది. మోకాళ్ళ నొప్పి, కూర్చోవడానికి చోటు లేదు. ఇంటికి పోదామా అంటే వినలేదు. అమ్ముడుపోయిన మనిషి అలా నిలబడుతుందా? ఓటు వేసి వచ్చి సిరా చుక్క పెట్టిన వేలు నాకు చూపి నవ్వింది. ఎవరికి వేసిందో ఇప్పటికీ చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

మీ ఊరి నోటుపుస్తకంలో మొదటి మూడు పద్దులు ఏవో వ్రాయండి. నాతో విభేదించేవారి మాటలకు మరింత స్వాగతం.